గింజలో జన్యువు పెట్టడం ఒక ఎత్తు, ఆ పోషకం ఒంటికి పట్టడం ఒక ఎత్తు

మీ ప్రశ్నలో మూడు సందేహాలున్నాయి. ప్రధాన ఆహార పంటల్లో జన్యుమార్పిడితో పోషకాలు పెంచాల్సిన అవసరం ఏముంది, కూరగాయలు, పండ్లు తినమంటే సరిపోదా? గింజలో విటమిన్ ఎ అందేలా జన్యుమార్పిడి చేసిన గోల్డెన్ రైస్ మాట 2000 నుంచి వింటున్నాం, ఇన్నేళ్లయినా ఎందుకు అందరికీ అందలేదు? అందితే తినొచ్చా, ప్రమాదమా? నేను చాలాకాలం వరి ప్రజననంలో, అంటే కొత్త రకాలు తయారుచేసే పనిలో, అందులోనూ గింజలో ఐరన్, జింకు పెంచే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

రకరకాల తిండి తినడాన్ని మించిన మార్గం లేదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లెవరూ దాన్ని కాదనరు. కానీ గింజలు తప్ప మరేదీ కొనలేని కుటుంబానికి ఆ సలహా వల్ల ఒరిగేదేమీ లేదు. కడుపు నిండుతుంది, ఒంట్లో విటమిన్ ఎ, ఐరన్, జింకు మాత్రం నిండుకుంటాయి. విటమిన్ ఎ లోపం వల్ల ఏటా 2.5 లక్షల నుంచి 5 లక్షల మంది పిల్లలు చూపు కోల్పోతున్నారని, వాళ్లలో సగం మంది ఆ తర్వాత ఏడాది తిరిగేలోపే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతున్న అంచనా. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. కళ్ల మాట అటుంచితే, ఆ పిల్లలకు తట్టు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా తట్టుకునే శక్తి ఉండదు. ప్రాణం తీసేది ఎక్కువగా అదే.

దీనికి విటమిన్ ఎ క్యాప్సూల్స్ ఉన్నాయి. ఏడాది దాటిన పిల్లలకు అయిదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షల ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) డోసు వేస్తారు. చాలా ప్రాణాలు కాపాడిన కార్యక్రమం అది, ఆపకూడదు కూడా. అయితే ప్రతి ఆరు నెలలకూ ఎవరో ఒకరు ఆ పిల్లాడి దగ్గరికి వెళ్లాలి. నిధులు తగ్గినా, యుద్ధం వచ్చినా, వరదలొచ్చినా అక్కడితో ఆగిపోతుంది. విత్తనం అలా కాదు. ఒకసారి రైతు చేతికి చేరితే పంట పంటకూ అదే తిరిగొస్తుంది. తినే అలవాటు మార్చుకోమని ఎవరినీ బతిమాలే పని లేదు. పోషకాన్ని విత్తనంలోనే పెట్టాలన్న ఆలోచన వెనకున్న కారణం ఇంతే.

అయితే అందుకు ప్రతిసారీ జన్యుమార్పిడే అక్కర్లేదు. ఈ విషయం ఇటు సమర్థించేవాళ్లూ, అటు వ్యతిరేకించేవాళ్లూ ఇద్దరూ సరిగ్గా చెప్పరు. చిలగడదుంపనే తీసుకోండి. లోపల నారింజ రంగులో ఉండే రకాలు ప్రకృతిలో ముందునుంచే ఉన్నాయి. ఆ రంగు బీటా కెరోటిన్‌ది, మన శరీరం దాన్నే విటమిన్ ఎగా మార్చుకుంటుంది. ఆఫ్రికాలో జనం తినేవి మాత్రం తెల్లవి. మామూలు సంకరంతోనే నారింజ రకాలను అక్కడి నేలకూ, అక్కడి రుచికీ తగ్గట్టు మలిచి మొజాంబిక్, ఉగాండా దేశాల్లో లక్షల కుటుంబాలకు అందించారు. ఆ పనికి మరియా ఆండ్రేడ్, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో, హోవర్త్ బూయిస్‌లకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మొక్కజొన్నలోనూ నారింజ రంగు గింజలున్న రకాలున్నాయి, అక్కడా సంకరం చాలు. బియ్యంలో, గోధుమలో జింకు కూడా సంకరంతో చాలావరకు పెరుగుతుంది.

వరిలో విటమిన్ ఎ కథ వేరు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అదే ఇర్రి, విత్తన బ్యాంకులో లక్షకు పైగా వరి రకాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ పాలిష్ పట్టాక మిగిలే పిండిభాగంలో బీటా కెరోటిన్ లేదు. ఎర్ర బియ్యం, నల్ల బియ్యం రంగంతా పైపొరలోదే, అదీ వేరే పదార్థాల వల్ల వచ్చిన రంగు. తల్లిమొక్కలో లేని గుణాన్ని సంకరంతో ఎక్కడినుంచి తెస్తాం? తూర్పు ఆఫ్రికాలో వండుకు తినే అరటిది ఇంకో రకం చిక్కు. దానికి విత్తనం కట్టదు, కాబట్టి సంకరం చేయడం మహా కష్టం. అందుకే ఆస్ట్రేలియాలో జేమ్స్ డేల్ బృందం పాపువా న్యూగినీలో దొరికే, కెరోటిన్ దండిగా ఉన్న మరో అరటి రకంలోని జన్యువునే తీసి అరటిలో పెట్టింది. ఉగాండా శాస్త్రవేత్తలతో కలిసి చేస్తున్న పని అది. నా మట్టుకు నేను ఏ పంటనైనా ముందు ఇలాగే చూస్తాను. ఆ గుణం ఆ పంట బంధువుల్లో ఉందా, సంకరంతో తేగలమా? తేగలిగితే జన్యుమార్పిడి ఊసే వద్దు. తేలేకపోతే అప్పుడు మొహమాటపడక్కర్లేదు.

ఇక గోల్డెన్ రైస్. వరి ఆకులో కెరోటిన్ బోలెడంత తయారవుతుంది. గింజలోనూ దానికి కావలసిన ముడిసరుకు ఉంది. కానీ తొలి మెట్టుకు కావలసిన ఎంజైము అక్కడ పనిచేయదు. ట్యాంకులో నీళ్లున్నా కుళాయి బిగించి ఉన్నట్టన్నమాట. జ్యూరిక్‌లో ఇంగో పోట్రికస్, ఫ్రైబర్గ్‌లో పీటర్ బేయర్ కలిసి డాఫోడిల్ పువ్వు మొక్కలోని ఒక జన్యువు, మొక్కల మీద బతికే ఒక బ్యాక్టీరియాలోని ఇంకో జన్యువు చేర్చి, గింజలో కెరోటిన్ తయారయ్యేట్టు చేశారు. 2000లో ఆ ఫలితం అచ్చయింది. గ్రాముకు 1.6 మైక్రోగ్రాములు. దీంతో లోపం తీరాలంటే కిలోల కొద్దీ అన్నం తినాలని విమర్శకులు అన్నారు. ఆ లెక్కలో న్యాయం ఉంది. 2005లో సింజెంటా అనే విత్తన కంపెనీ శాస్త్రవేత్తలు డాఫోడిల్ జన్యువు స్థానంలో వేర్వేరు మొక్కల జన్యువులు పెట్టి చూశారు. మొక్కజొన్న జన్యువు అన్నిటినీ మించిపోయింది. మొత్తం కెరోటినాయిడ్లు, అంటే కెరోటిన్ జాతి పదార్థాలు, గ్రాముకు 37 మైక్రోగ్రాముల దాకా వెళ్లాయి.

గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు కదా? అదీ కొలిచారు. 2009లో వచ్చిన అధ్యయనంలో, గుర్తుపట్టడానికి వీలుగా భార హైడ్రోజన్ కలిపిన నీళ్లతో పెంచిన గోల్డెన్ రైస్‌ను అమెరికాలో పెద్దవాళ్లకు వండిపెట్టి, రక్తంలో విటమిన్ ఎ ఎంత తయారైందో చూశారు. సుమారు 3.8 పాళ్ల బీటా కెరోటిన్‌కు ఒక పాలు విటమిన్ ఎ వచ్చింది. కూరగాయలు, పండ్ల విషయంలో సాధారణంగా వేసుకునే లెక్క 12 పాళ్లకు ఒక పాలు. ఆకుల్లో కెరోటిన్ గట్టి కణజాలంలో ఇరుక్కుని ఉంటుంది, పిండిలో అలా కాదు, అందుకే ఈ తేడా. తోడుగా కాస్త నూనెగానీ కొవ్వుగానీ ఉండాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు.

37 అన్న అంకె చూసి సంబరపడిపోకండి. కెరోటిన్‌కు గాలి తగిలితే పాడవుతుంది. కోసిన దగ్గర్నుంచీ, గోదాములో ఉన్నన్నాళ్లూ, పాలిష్ పట్టాక ఇంకా ఎక్కువగా తరుగుతూ పోతుంది. వండేటప్పుడు మరికొంత పోతుంది. పైగా అనుమతులకు వెళ్లిన జీఆర్2ఈ అనే గోల్డెన్ రైస్ రకంలో ఆ మోతాదు మొదటినుంచీ తక్కువే. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని పరిశీలించి భద్రత విషయంలో అభ్యంతరం చెప్పలేదు గానీ, అమెరికాలో 'పోషకం ఉంది' అని ప్యాకెట్ మీద రాసుకోవడానికి ఈ మోతాదు చాలదంది. వ్యతిరేకులు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకున్నారు. అమెరికన్లు బియ్యం తినేది తక్కువ. మూడు పూటలా అదే తినే చిన్నపిల్లలకు రోజువారీ విటమిన్ ఎ అవసరంలో 30 నుంచి 50 శాతం దీంతో తీరుతుందని ఇర్రి అంచనా. పూర్తిగా తీరదు, నిజమే. కానీ రోజూ అందే ఆ మాత్రం విటమినే పిల్లవాణ్ణి గండం గట్టెక్కించగలదు.

ఆలస్యం ఎందుకైందంటే చాలామంది ఉద్యమకారుల వైపు వేలు చూపిస్తారు. అదీ ఉంది. 2013లో ఫిలిప్పీన్స్‌లోని బికోల్ ప్రాంతంలో ప్రయోగ మడిని పీకి పారేశారు. 2016లో వందమందికి పైగా నోబెల్ గ్రహీతలు, జన్యుమార్పిడిని వ్యతిరేకించే పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్‌కు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. కానీ మా రంగంలో వాళ్లం ఒప్పుకోవలసిన కారణం ఇంకొకటి ఉంది. దాని గురించి జనం పెద్దగా మాట్లాడుకోరు.

జన్యువును మొక్కలోకి పంపినప్పుడు అది క్రోమోజోముల్లో ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. అలా పడ్డ ఒక్కో చోటును ఒక్కో 'ఈవెంట్' అంటాం. వాటిలోంచి ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని రైతులు వేసే మేలు రకాలతో సంకరం చేసి, తరం తరంగా మళ్లీ మళ్లీ అదే మేలు రకంతో కలుపుతూ పోతాం. దీన్నే బ్యాక్‌క్రాస్ అంటారు. తెల్లవారుజామున కూర్చుని, పువ్వు విచ్చకముందే ఒక్కొక్క గింజ తలను కత్తెరతో కొద్దిగా తుంచి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ శ్రావణంతో తీసేసి, కంకికి కాగితపు తొడుగు తొడిగి, పొద్దెక్కాక మగ మొక్క పుప్పొడి రాల్చాలి. ఒక్క తిత్తి మిగిలినా అది సంకరం కాదు. ఇలా ఏళ్లు గడుస్తాయి. గోల్డెన్ రైస్‌లో ముందు జీఆర్2ఆర్ అనే ఈవెంట్‌ను తీసుకుని ఇదంతా చేశారు. తీరా ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో దాన్ని స్వర్ణ రకంలోకి తెచ్చి చూస్తే మొక్కలు పొట్టిగా, ఆకులు పాలిపోయి, దిగుబడి బాగా పడిపోయి కనిపించాయి. కారణం తవ్వితే తేలిందేమిటంటే, కొత్త జన్యువు సరిగ్గా వరిలోని ఆక్స్1 అనే జన్యువు మధ్యలో వెళ్లి కూర్చుంది. మొక్క పెరుగుదలను నడిపించే ఆక్సిన్ అనే హార్మోను రవాణా దాని పని. 2017లో ఈ సంగతి అచ్చయింది. అప్పటికే ఇర్రి కూడా క్షేత్ర ప్రయోగాల్లో దిగుబడి తగ్గడం గమనించి జీఆర్2ఈ అనే మరో ఈవెంట్‌కు మారింది. అంటే బ్యాక్‌క్రాస్‌లన్నీ మళ్లీ మొదటినుంచి. దిగుబడి తగ్గే రకాన్ని ఏ రైతూ వేయడు, వేయమని అడిగే హక్కు కూడా మనకు లేదు. పక్కింటి పిల్లల కళ్ల కోసం తన పంటలో పది బస్తాలు వదులుకోమని చెప్పలేం.

ఇంకో దెబ్బ మా వైపు నుంచే తగిలింది. చైనాలో పిల్లలకు గోల్డెన్ రైస్ పెట్టి చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. అది జన్యుమార్పిడి బియ్యమని తల్లిదండ్రులకు సరిగా చెప్పలేదని బయటపడింది. అంకెలు దొంగవని తేలలేదు, కానీ సమ్మతి తీసుకున్న తీరు సరిగా లేదని 2015లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. మడి పీకినవాళ్లకన్నా ఇది చేసిన నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. బిడ్డ నోట్లో ఏం పెడుతున్నారో తల్లికి చెప్పని సైన్సును ఎవరు నమ్ముతారు?

2021 జులైలో ఫిలిప్పీన్స్ సాగుకు అనుమతి ఇచ్చింది, ప్రపంచంలో అదే మొదటిది. రైతులు వేశారు కూడా. 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీల్స్ కోర్టు, భద్రతపై శాస్త్రీయంగా ఏకాభిప్రాయం లేదంటూ ఆ అనుమతిని రద్దు చేసింది. బంగ్లాదేశ్‌లో 2017లో పెట్టుకున్న దరఖాస్తు ఏళ్ల తరబడి పెండింగ్‌లోనే ఉండిపోయింది.

ఐరన్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను దగ్గరగా చూసింది అది. పాలిష్ బియ్యంలో ఐరన్ గ్రాముకు రెండు మూడు మైక్రోగ్రాములే ఉంటుంది. అంత తక్కువ ఉన్నప్పుడు కొలవడమే పెద్ద పరీక్ష. పొలంలో ఎగిరిన మట్టి గింజకు కాస్త అంటుకున్నా, పాలిష్ మరలో ఇనుప భాగం కాస్త అరిగినా అంకె రెట్టింపు అయిపోతుంది. ఇదేదో అద్భుతమైన రకం అనిపిస్తుంది. అందుకే ప్రతి నమూనాలో ఐరన్‌తోపాటు అల్యూమినియం కూడా చూస్తాం. మట్టిలో అల్యూమినియం విపరీతం, గింజలో దాదాపు ఉండదు. కాబట్టి అది ఎక్కువ కనిపిస్తే ఆ ఐరన్ మట్టిదేనని అర్థం, ఆ నమూనాను పక్కన పెట్టేయాలి. మరలో కూడా గింజ తగిలే చోట ఇనుము లేని భాగాలు వాడాలి. పేపర్లో 'ఐరన్ నాలుగు రెట్లు' అని చదివినప్పుడు నాకు మొదట వచ్చే ప్రశ్న, అల్యూమినియం ఎంత అనే.

సంకరంతో పాలిష్ బియ్యంలో ఐరన్ పెద్దగా పెరగలేదు. జన్యుమార్పిడితో పెరిగింది. 2016లో ఐఆర్64 రకంలో వరిదే ఒక జన్యువు, సోయా చిక్కుడులోని ఫెరిటిన్ (ఐరన్‌ను దాచి ఉంచే ప్రొటీన్) జన్యువు కలిపి చేర్చిన మొక్కలను ఫిలిప్పీన్స్, కొలంబియా పొలాల్లో పెంచారు. పాలిష్ గింజలో గ్రాముకు ఐరన్ 15, జింకు 45 మైక్రోగ్రాముల దాకా వచ్చాయి, దిగుబడి తగ్గలేదు. కర్రపెండలంలోనూ 2019లో ఐరన్‌ను 6 నుంచి 12 రెట్లు పెంచి చూపించారు. ఇక్కడ తప్పక చూడవలసిన విషయం ఒకటుంది. మట్టినుంచి ఐరన్ లాక్కునే ప్రొటీన్లలో కొన్ని కాడ్మియాన్ని కూడా లాక్కొస్తాయి. అది విషం. కాబట్టి ఐరన్ పెంచిన ఏ పంటలోనైనా కాడ్మియం అంకె చూపించాల్సిందే. ఆ వరిలో భార లోహాలు పెరగలేదని పరీక్షించి మరీ చెప్పారు.

ఇక తినొచ్చా అన్న మీ మూడో సందేహం. 'జన్యుమార్పిడి మంచిదా చెడ్డదా' అని గంపగుత్తగా అడిగితే జవాబు లేదు. ఏ జన్యువు, ఏ ప్రొటీన్, ఏ పంట అని విడివిడిగా అడగాలి. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ సోయాది. పశువుల దాణా కోసం సోయాలో మెథియొనిన్ అనే అమైనో ఆమ్లం పెంచాలని బ్రెజిల్ నట్‌లోని ఒక ప్రొటీన్ జన్యువును చేర్చారు. ఆ కాయకు అలర్జీ ఉన్నవాళ్ల రక్తంతో పరీక్షిస్తే, సోయాకూ అలాగే స్పందించింది. అలర్జీ తెచ్చే ప్రొటీన్‌నే వాళ్లు తెలియక తీసుకొచ్చారన్నమాట. 1996లో ఆ ఫలితం అచ్చయింది, కంపెనీ ఆ సోయాను మార్కెట్‌కు తేకుండానే ఆపేసింది. దీన్ని ఇరువర్గాలూ వాడుకుంటాయి. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. ప్రమాదం ఉండొచ్చు, వెతికితే దొరుకుతుంది, అందుకే వెతకాలి.

గోల్డెన్ రైస్‌లో వెతికారు. కొత్తగా చేరిన ప్రొటీన్లకు తెలిసిన అలర్జీ ప్రొటీన్లతో పోలిక లేదు, కడుపులోని ఎంజైములకు త్వరగా అరిగిపోతాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ 2017లో, కెనడా 2018లో దీన్ని ఆహారంగా అనుమతించాయి. విటమిన్ ఎ మాత్రలు మితిమీరితే విషమే గానీ, తిండిలోని బీటా కెరోటిన్ అలా కాదు, శరీరం తనకు కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. నా ఇంట్లో పిల్లలకు పెట్టడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

విత్తనం కంపెనీ చేతిలోకి పోతుందన్న భయం కూడా చాలామందిలో ఉంది. గోల్డెన్ రైస్ విషయంలో సుమారు 70 పేటెంట్లు అడ్డొచ్చిన మాట నిజం. వాటిమీద మానవతా లైసెన్సు తీసుకుని, ఏడాదికి 10 వేల డాలర్ల లోపు సంపాదించే రైతుకు అదనపు రుసుము లేకుండా, విత్తనం దాచుకుని మళ్లీ వేసుకునే హక్కుతో ఇవ్వాలని ఒప్పందం చేసుకున్నారు. హైబ్రిడ్ కాదు కాబట్టి దాచిన విత్తనంతో మళ్లీ అదే గుణమున్న పంట వస్తుంది. మిగతా పంటల్లోనూ ఇలాంటి షరతు లేకపోతే నేను సమర్థించను.

జీఆర్2ఆర్‌కు జరిగినట్టు జన్యువు ఎక్కడపడితే అక్కడ పడకుండా ఇప్పుడు కోరుకున్న చోటే జన్యువును మార్చగల క్రిస్పర్ పద్ధతి వచ్చింది. 2020లో కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం, మొక్కకు ఏ హానీ జరగదని ముందే తెలిసిన చోటు చూసుకుని అక్కడే కెరోటిన్ జన్యువులను పెట్టింది. గ్రాముకు 7.9 మైక్రోగ్రాములు వచ్చింది, మొక్క ఎదుగుదల మామూలుగానే ఉంది. ఇది ఇరవై ఏళ్ల క్రితం ఉండుంటే ఎంత కాలం కలిసొచ్చేదో.

నేను ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఫోలేట్ అనే బి విటమిన్ ఎక్కువగా ఉండే వరి కోసం. గర్భంలో బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లో, చాలామంది ఆడవాళ్లకు గర్భం వచ్చినట్టే తెలియని రోజుల్లో. అది సరిగా మూసుకోవాలంటే ఆ సమయానికే ఒంట్లో ఫోలేట్ ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్లాక వేసుకునే మాత్ర అప్పటికే ఆలస్యం. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో 2007లో రెండు జన్యువులతో 100 గ్రాముల బియ్యంలో 1.7 మిల్లీగ్రాముల దాకా ఫోలేట్ తెచ్చారు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 0.4 మిల్లీగ్రాములే. నిల్వలో అది సగానికి పడిపోతుండేది. 2015లో ఫోలేట్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కూడా చేర్చి ఆ తరుగును ఆపారు. ఇక మిగిలింది రైతులు వేసే రకాల్లోకి తేవడం, పొలంలో దిగుబడి చూడటం, అనుమతులు. ఆ పనికి డబ్బు పెట్టేవాళ్లు ముందుకు రావాలి.